మారింది మట్టా, మన కొలతా?

విశాఖ దగ్గరి పద్మనాభం వైపు ఒక ఎకరం మెట్ట ఉందనుకుందాం. మూడేళ్ళ కిందట మట్టి పరీక్ష చేయిస్తే సేంద్రియ కర్బనం 0.48 శాతం వచ్చింది. ఈ ఏడు 0.53 వచ్చింది. అప్పుడు కాగితం మీద ‘తక్కువ’ అని ఉన్న చోట ఇప్పుడు ‘మధ్యస్థం’ అని ఉంటుంది, ఎందుకంటే గీత 0.50 దగ్గర గీశారు. ఏటా గెత్తం (పశువుల ఎరువు) తోలినందుకు ఫలితం కనబడిందని రైతు అనుకుంటాడు. నిజంగానే కనబడి ఉండొచ్చు. కానీ చేతిలో ఆ రెండు అంకెలే ఉంటే, మారింది మట్టో, మట్టి తవ్విన చోటో ఎవరూ తేల్చి చెప్పలేరు.

విశాఖ చుట్టుపక్కల ఇది పట్టించుకోవాల్సిన ప్రశ్న. వాన రావాల్సిన కార్తెలో రాకుండా తరవాత ఒక్కసారిగా కుమ్మరించడం, భీమిలి దగ్గర గోస్తని సముద్రంలో కలిసే చోట పల్లపు భూముల్లో ఉప్పు తేలడం, కొండవాలు పచ్చికల్లోకి సర్కారు తుమ్మ, వయ్యారిభామ చొరబడడం ఊళ్ళలో రోజూ వినే మాటలే. ఆ మాటలు పదేళ్ళ తరవాత కూడా నిలబడే అంకెలు కావాలంటే తవ్వే చోటు, తవ్వే కాలం, లోతు, లెక్క కట్టే పద్ధతి ఈ నాలుగూ కదలకూడదు. పరికరం ఖరీదైనదా కాదా అన్నది ఆ తరవాతి సంగతి.

ముందు చోటు సంగతి. ఒకే ఎకరంలో పది చోట్ల మట్టి తీసి విడివిడిగా పరీక్షిస్తే, కర్బనం సగటుకి అటూ ఇటూ 20 శాతం దాకా చెదిరి ఉండడం మామూలే. సగటు 0.50 అనుకుంటే ఆ చెదురు, అంటే విచలనం, 0.10. పది నమూనాలు తీశాం కాబట్టి దాన్ని పది వర్గమూలంతో భాగిస్తే ఆ సగటులో ఉండే అనిశ్చితి 0.032. రెండు వేర్వేరు ఏళ్ళ సగటుల మధ్య తేడాకి వచ్చేసరికి అది 0.045 అవుతుంది. దానికి రెట్టింపు, అంటే దాదాపు 0.09 దాటితేగానీ మార్పు వచ్చిందని ధైర్యంగా అనకూడదు. పైన చెప్పిన 0.05 ఆ గీతకి చాలా కిందే ఉంది. 2015లో పారిస్ వాతావరణ సదస్సు వేళ మొదలైన ‘వెయ్యికి నాలుగు’ ప్రయత్నం నేలలో కర్బనాన్ని ఏటా 0.4 శాతం చొప్పున పెంచాలని కోరుతుంది. మన ఎకరంలో అది పూర్తిగా నెరవేరినా పదేళ్ళకి 0.50 కాస్తా 0.52 అవుతుంది. పది నమూనాలతో దాన్ని పట్టుకోవడం అసాధ్యం.

దీనికి విరుగుడు ఏటా అవే చోట్లకి తిరిగి వెళ్ళడం. అప్పుడు ఏ చోటుని ఆ చోటుతోనే పోలుస్తాం కాబట్టి, చోటుకీ చోటుకీ మధ్య ఉన్న తేడా లెక్కలోంచి చాలావరకు తప్పుకుంటుంది. ఫోను చూపించే స్థానం మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ పోతుంది, దాన్ని నమ్ముకుంటే లాభం లేదు. గట్టు మూలన కదలని రాయి ఒకటి ఎంచుకుని, దిక్సూచితో దిక్కు చూసి, టేపు పట్టి దూరం కొలిచి రాసుకోవాలి: ‘మూలరాయి నుంచి తూర్పుకి 18 మీటర్లు, అక్కణ్ణుంచి దక్షిణానికి 11 మీటర్లు’ అన్నట్టు. పోయినసారి తవ్విన గుంటలోనే మళ్ళీ తవ్వితే కలగాపులగమైన మట్టి వస్తుంది. అందుకని ప్రతిసారీ అర మీటరు పక్కకి జరగాలి, మొదటిసారి ఉత్తరానికి, తరవాత తూర్పుకి, అలా గడియారం ముల్లు తిరిగే వరసలో. గట్టు పక్కన, చెట్టు నీడన, గెత్తం కుప్ప వేసిన చోట, కళ్ళం చేసిన చోట మొదటి నుంచీ వద్దు.

ఎరువుల సిఫారసు కోసం అయితే పది పదిహేను చోట్ల మట్టి కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలోకి తేవడం సరైన పద్ధతే. ఏళ్ళ తరబడి గమనించడానికి మాత్రం ఆ పద్ధతి సరిపోదు, అన్నీ కలిపేస్తే ఎంత చెదిరి ఉందో తెలిసే దారి మూసుకుపోతుంది. కనీసం అయిదు పొట్లాలు విడిగా ఉంచండి, ఒక్కో పొట్లంలో మూడు నాలుగు చోట్ల మట్టి. ప్రభుత్వం ఇచ్చే సాయిల్ హెల్త్ కార్డు (భూసార పరీక్ష కార్డు) అంకెని కూడా ఈ పనికి వాడొద్దు. ఆ పథకంలో నమూనాలు సాగునీటి భూముల్లో రెండున్నర హెక్టార్లకి ఒకటి, వర్షాధార భూముల్లో పది హెక్టార్లకి ఒకటి చొప్పున తీస్తారు. మీ చేతిలోని కార్డు మీద అంకె పక్క రైతు మడిలోది అయ్యుండొచ్చు.

కాలం విషయంలో మన కార్తెలు ఎంతో పనికొస్తాయి. కార్తె సూర్యుడి నడకని బట్టి వస్తుంది కాబట్టి తిథుల్లాగా ఏటా వెనకా ముందూ కాదు. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వచ్చి జూన్ 7 దాకా ఉంటుంది, మృగశిర ఆ వెంటనే. ఉప్పు కొలవాలంటే రోహిణిలోనే కొలవాలి. ఎండకి నేలలోని నీరు పైకి లేచి ఆవిరై ఉప్పుని పైపొరలో వదిలేసే కాలం అది, ఏడాది మొత్తంలో గరిష్ఠం అప్పుడే దొరుకుతుంది. ఒక్క మంచి వాన పడితే చాలు, ఆ ఉప్పు కిందకి దిగిపోయి అంకె సగానికి పడొచ్చు. ఒక ఏడు వానకి ముందు, ఇంకో ఏడు వాన తరవాత తీసి పోల్చితే భూమి బాగుపడిందని పొరపాటు పడతాం. కర్బనానికి రోహిణి పనికిరాదు. మన ఎర్రనేల అప్పుడు రాయిలా ఉంటుంది, మట్టి తీసే ఉక్కు రింగు దిగకపోగా మట్టి పగిలి రింగులో ఖాళీలు మిగులుతాయి. ఖరీఫ్ కోతలయ్యాక పుష్యమాసంలో, నేలలో కాస్త పదును ఉన్నప్పుడు కర్బనానికీ స్థూల సాంద్రతకీ (ఒక ఘన సెంటీమీటరు నేలలో ఎన్ని గ్రాముల ఎండు మట్టి ఉందన్న లెక్క) ఒకేసారి తీసుకోవడం మేలు.

స్థూల సాంద్రత అన్నది చాలామంది వదిలేసే కొలత, అన్నిటికంటే ఎక్కువ మోసం జరిగేది కూడా అక్కడే. అయిదు సెంటీమీటర్ల లోవ్యాసం, అయిదు సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ఉక్కు రింగు తీసుకుంటే లోపలి ఘనపరిమాణం 98.2 ఘన సెంటీమీటర్లు. రింగు మీద చెక్క దిమ్మ పెట్టి, సుత్తితో నిటారుగా చిన్న చిన్న దెబ్బలు వేస్తూ దించాలి. రింగులోపలి మట్టి పైభాగం బయటి నేల మట్టం కంటే కిందికి కుంగితే మట్టి నొక్కుకుపోయినట్టు, ఆ నమూనా పారేసి మళ్ళీ తీయాలి. చుట్టూ మట్టి తవ్వి రింగుని కింద నుంచి ఎత్తి, రెండు వైపులా కత్తితో సాపు చేసి, 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర 24 గంటలు ఎండబెట్టి తూచాలి.

ఇక్కడ గులకరాళ్ళ సంగతి తప్పక చూడాలి. కొండవాలు ఎర్రనేలల్లో రెండు మిల్లీమీటర్ల జల్లెడలో నిలిచిపోయే రాళ్ళు చాలా ఉంటాయి. రింగులో ఎండిన మట్టి మొత్తం 150 గ్రాములు, అందులో రాళ్ళు 30 గ్రాములు అనుకోండి. 150ని 98.2తో భాగిస్తే 1.53. కానీ పరీక్షకి వెళ్ళేది జల్లెడలో దిగిన మట్టి మాత్రమే, కర్బనం శాతం దానిదే. కాబట్టి కర్బనం నిల్వకి వాడాల్సింది 120ని 98.2తో భాగిస్తే వచ్చే 1.22. రాళ్ళు తీసేయడం మరిచిపోతే నిల్వ 25 శాతం ఎక్కువగా తేలుతుంది. పదేళ్ళపాటు గెత్తం తోలినా రాని పెరుగుదల ఒక్క తూకం పొరపాటుతో వచ్చేస్తుంది.

పచ్చిక నేలల్లో ఇంకో చిక్కు ఉంది. హెక్టారుకి టన్నుల్లో కర్బనం కావాలంటే శాతాన్ని సాంద్రతతో, సెంటీమీటర్లలో ఉన్న లోతుతో గుణిస్తారు. కర్బనం 0.6 శాతం, సాంద్రత 1.4, లోతు 15 సెంటీమీటర్లు అయితే 12.6 టన్నులు. పశువుల తాకిడి పెరిగి, తడినేల మీద గిట్టలు పడి పడి సాంద్రత 1.6కి చేరిందనుకోండి. కర్బనం శాతం అదే 0.6 ఉన్నా లెక్క 14.4 టన్నులు చూపిస్తుంది. నిజానికి నేల గట్టిపడి పాడైంది, కాగితం మీద మాత్రం బాగుపడింది. ఎందుకంటే మొదటిసారి 15 సెంటీమీటర్లలో హెక్టారుకి 2,100 టన్నుల మట్టి ఉంటే, ఈసారి అదే లోతులో 2,400 టన్నుల మట్టిని కొలిచాం. లోతుని లోతుతో పోల్చకుండా మట్టి బరువుని మట్టి బరువుతో పోల్చాలి. 2,100 టన్నుల మట్టి ఇప్పుడు పై 13.1 సెంటీమీటర్లలోనే ఉంది. అంత వరకే లెక్క కడితే మళ్ళీ 12.6 వస్తుంది. ఇది కుదరాలంటే మట్టిని 0–5, 5–10, 10–15, 15–20 సెంటీమీటర్ల పొరలుగా విడదీసి ఉంచుకోవాలి. పశువులు తొక్కిన నేలలో ‘కర్బనం పెరిగింది’ అన్న మాట వింటే ముందు అడగాల్సింది సాంద్రత ఎంత అని.

ప్రయోగశాలలో ఎక్కువగా వాడేది వాక్లీ–బ్లాక్ పద్ధతి. పొటాషియం డైక్రోమేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి అరగంట ఉంచి, మిగిలిన డైక్రోమేట్ ఎంతో ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో తేలుస్తారు. ఇది మట్టిలోని కర్బనంలో సుమారు 77 శాతాన్నే పట్టుకుంటుందని ఫలితాన్ని 1.3తో గుణిస్తారు. కొన్నిచోట్ల గుణించరు. రెండు ఏళ్ళ కాగితాలు రెండు రకాలుగా ఉంటే 30 శాతం తేడా అక్కడే పుట్టేస్తుంది, కాబట్టి గుణించారో లేదో అడిగి రాసుకోండి. తీరప్రాంతం వాళ్ళకి మరో ముఖ్యమైన సంగతి: ఉప్పులోని క్లోరైడ్ కూడా డైక్రోమేట్‌ని తినేస్తుంది. మట్టిలో క్లోరైడ్ ఎంత శాతం ఉందో దానిలో పన్నెండో వంతు కర్బనంగా లెక్కలోకి వచ్చేస్తుంది. 0.6 శాతం క్లోరైడ్ ఉంటే 0.05 శాతం లేని కర్బనం. ఉప్పు తేలిన నేలల నమూనాలైతే ఆమ్లంలో లీటరుకి 15 గ్రాముల సిల్వర్ సల్ఫేట్ కలపమని ముందే చెప్పాలి.

ప్రతి నమూనాలోంచి 200 గ్రాములు నీడన ఆరబెట్టి, జల్లించి, బిగుతు మూత గాజు సీసాలో దాచండి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1856లో మొదలైన పార్క్ గ్రాస్ పచ్చిక ప్రయోగం ఇవాళ్టికీ నడుస్తోంది, ఆ సంస్థ పాత గడ్డి, మట్టి నమూనాల్ని భద్రపరచింది కాబట్టే అప్పటికి లేని పద్ధతులతో కూడా వాటిని పరీక్షించగలుగుతున్నారు. మన పని అంత పెద్దది కాకపోయినా లాభం అదే. కొత్తగా ఇరవై నమూనాలు ప్రయోగశాలకి పంపేటప్పుడు పాత సీసాల్లోంచి రెండిటిని పేరు చెప్పకుండా కలిపి పంపాలి. పాతవాటి అంకె మారితే మారింది ప్రయోగశాల అని వెంటనే తెలిసిపోతుంది. చీటీ సీసాకి బయటా లోపలా రెండు చోట్ల ఉండాలి, పెన్సిల్‌తో రాయాలి. మన సముద్రపు గాలి చెమ్మకి బాల్ పెన్ను సిరా అలుక్కుపోతుంది.

ఉప్పు కొలతలో జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒక్కటే. మన పరీక్ష కేంద్రాల్లో ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీరు కలిపి ఈసీ (ద్రావణంలో కరెంటు పారే తీరుని బట్టి ఉప్పుని చెప్పే కొలత, డెసీసీమెన్స్‌లో) చూస్తారు. పుస్తకాల్లో ‘4 దాటితే చౌడు’, ‘వరి 3 డెసీసీమెన్స్ దాకా తట్టుకుంటుంది, ఆపైన ఒక్కో యూనిట్‌కి 12 శాతం దిగుబడి పోతుంది’ అని ఉండేవి మట్టిని నీటితో ముద్దలా తడిపి పీల్చి తీసిన ద్రావణం అంకెలు. నీళ్ళు ఎక్కువ కలిపితే ఉప్పు పలచబడుతుంది. కాబట్టి కార్డు మీద 1.5 చూసి ‘4కి ఇంకా చాలా దూరం ఉంది’ అనుకోవడం ప్రమాదం. ఇసుక పాలు ఎక్కువైన నేలల్లో ఈ రెండు అంకెల మధ్య అంతరం ఇంకా పెద్దది. ఒకే పద్ధతి పట్టుకుని, 0–5 సెంటీమీటర్ల పొరని 5–15 పొర నుంచి విడిగా కొలవండి. రెండూ కలిపితే పైన తేలిన ఉప్పు కనబడకుండా పోతుంది, మొలక చచ్చేది ఆ పైపొరలోనే.

వానమాపకం పెట్టేవాళ్ళు బకెట్ ఒరిగే రకం వాడితే నెలకోసారి ఈ చిన్న పరీక్ష చేయాలి. 20 సెంటీమీటర్ల వ్యాసం గరాటు, ఒక్కో ఒరుగుకి 0.2 మిల్లీమీటర్లు అయితే ఒక్కో ఒరుగుకి 6.28 మిల్లీలీటర్ల నీరు పడుతుంది. అర లీటరు నీటిని సన్నటి ధారగా అరగంట సేపు పోస్తే దాదాపు 80 సార్లు ఒరగాలి. 70కి పడితే గరాటులో సాలెగూడో చీమల పుట్టమన్నో ఉందన్నమాట. తుఫాను వానలో బకెట్ ఒరిగేలోపే నీరు పారిపోయి ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, అందుకే పక్కన మామూలు వానమాపకం కూడా పెట్టి ఉదయం ఎనిమిదిన్నరకి చూసి రాయాలి.

నేల తేమ సెన్సార్లకి శత్రువు గాలి సందు. గుంట తవ్వి, కదలని పక్కగోడలోకి సెన్సారుని అడ్డంగా గుచ్చాలి, 10, 30 సెంటీమీటర్ల లోతుల్లో. పైనుంచి గుచ్చితే దాని వెంట వాననీరు జారి, వాన పడ్డ పది నిమిషాలకే 30 సెంటీమీటర్ల దగ్గర తడి చూపిస్తుంది. అలాంటి గీత కనబడితే అది నేల చెప్పిన మాట కాదు, మీరు తీసిన కన్నం చెప్పినది. కేబుల్‌ని జీఐ పైపులోంచి తేవాలి, లేకపోతే పందికొక్కులు కొరికేస్తాయి. తవ్విన మట్టిని ఏ పొరది ఆ పొరకే, అదే వరసలో నింపాలి. ఉప్పు నేలలో చవక రకం కెపాసిటివ్ సెన్సార్లు లేని తేమ చూపిస్తాయి. ఎండు, పదును, తడి మూడు దశల్లోనూ పక్కన మట్టి తీసి, ఓవెన్‌లో ఎండబెట్టిన తూకంతో సరిచూడకుండా ఆ అంకెలు వాడకూడదు.

పైరు దిగుబడికి అయిదు మీటర్ల చదరం కోసి చూసే పద్ధతి మనవాళ్ళందరికీ తెలిసిందే. తేమ సరిచేయడం మాత్రం మరిచిపోతుంటారు. కోసిన ధాన్యం 12 కిలోలు, తేమ 20 శాతం ఉంటే, 14 శాతం తేమకి తెస్తే 11.16 కిలోలు. ఎకరానికి 162తో గుణించాలి: దాదాపు 1,808 కిలోలు. చదరం ఎక్కడ పడాలో ముందే చీటీ తీయాలి. చేలో దిగాక చూపు బాగున్న చోటుకే పోతుంది.

పచ్చికలో కొలవాల్సినవి రెండు: ఎంత గడ్డి, ఏ గడ్డి. ఎంత అన్నదానికి అర మీటరు చదరం చట్రం వేసి నేలమట్టంగా కోసి, 70 డిగ్రీల దగ్గర 48 గంటలు ఎండబెట్టి, గ్రాముల్ని 40తో గుణిస్తే హెక్టారుకి కిలోలు వస్తాయి. భాద్రపద, ఆశ్వయుజాల్లో గడ్డి బాగా ఎదిగి ఉంటుంది. అయితే మేసిపోయిన చోట కోస్తే పెరిగినదెంతో తెలియదు, మిగిలినదే తెలుస్తుంది. ఇనుప పంజరాలు నిలవని చోట సర్కారు తుమ్మ కంపతో దడి కట్టొచ్చు, కాకపోతే కంప నీడ పడకుండా చట్రానికి అర మీటరు దూరం ఉంచాలి, కాయలు దులిపి కట్టాలి. దడి ఏటా చోటు మార్చాలి, ఒకేచోట ఉంచితే లోపల పాతగడ్డి పేరుకుని వేరే నేలలాగా తయారవుతుంది. ఏ గడ్డి అన్నదానికి 50 మీటర్ల టేపు పరిచి ప్రతి అర మీటరు దగ్గర సన్నటి చువ్వ దించి తగిలినదాన్ని రాయాలి: గరిక, తుంగ, వెంపలి, వయ్యారిభామ, వట్టి నేల. నూరు చోట్లు కాబట్టి వచ్చిన సంఖ్యే శాతం. గరిక తగ్గి వట్టినేల పెరగడం కర్బనం అంకె కంటే ఎన్నో ఏళ్ళు ముందే కనబడుతుంది. నాకు ఒక్క కొలతే మిగుల్చుకోమంటే ఈ చువ్వనే ఎంచుకుంటాను. కంబాలకొండ వంటి అభయారణ్యంలోనైతే అటవీశాఖ అనుమతి లేకుండా ఇవేవీ చేయకూడదు, ఎర్రమట్టి దిబ్బల్లో తవ్వడం అసలే వద్దు.

ఇక ఉపగ్రహం. ఐరోపావాళ్ళ సెంటినెల్-2 చిత్రం ఉచితం, అయిదు రోజులకోసారి వస్తుంది, ఒక్కో గడి పది మీటర్లు. చదరంగా ఉన్న ఎకరానికి పక్కకి ఆరు గడులు. గట్టు మీద తాటిచెట్లు కలిసే అంచు గడులు తీసేస్తే పదహారు మిగులుతాయి. పాతిక సెంట్ల మడిలో అయితే మిగిలేది ఒక్కటే. వానాకాలం మబ్బులకి చిత్రాలు చాలా పోతాయి. ఉభాల (వరినాట్ల) తేదీ కావాలంటే మబ్బుని దాటి చూసే సెంటినెల్-1 రాడార్ మేలు, నీరు పెట్టిన మడి అందులో నల్లగా కనబడి, పైరు ఎదిగేకొద్దీ తెల్లబడుతుంది.

పాత చిత్రాలతో పోల్చేవాళ్ళు 2022 జనవరి 25ని గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజు నుంచి సెంటినెల్-2 చిత్రాల్లో ప్రతి అంకెకీ 1000 కలుపుతున్నారు. ఎరుపు కాంతి అంకె 600, పరారుణ కాంతి అంకె 3000 ఉన్న పచ్చటి చేనుకి ఎన్‌డీవీఐ (ఆ రెండిటి తేడాని వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే పచ్చదనం సూచిక) 0.67. వెయ్యి తీసేయకుండా లెక్క కడితే 1600, 4000 అయి 0.43 వస్తుంది. పైరు నిక్షేపంగా ఉంటుంది, పటంలో ఎండిపోతుంది. ఉపగ్రహ చిత్రాలు దొరికే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో ‘హార్మనైజ్డ్’ అని ఉన్న సంపుటి తీసుకుంటే ఈ బాధ లేదు.

మొదటి ఏడు ఏదన్నది కూడా చూసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటి కొండల మీది చెట్లని మోడులు చేసింది. మొదటి సెంటినెల్-2 ఎగిరింది 2015 జూన్ 23న. ఆ చిత్రాలతోనే మొదలుపెడితే మన కొండల్లో ఏ గీత గీసినా పచ్చదనం పెరుగుతున్నట్టే వస్తుంది, గాయం మానడాన్ని వాతావరణం మార్పుగా చదువుతాం. 2013 నుంచి ఉన్న అమెరికా ఉపగ్రహం ల్యాండ్‌శాట్-8 చిత్రాలు గడి 30 మీటర్లదైనా సరే, తుఫానుకి ముందటి మట్టం దాని నుంచే తీసుకోవాలి. పటంలో కనబడ్డ ప్రతి మార్పుకీ నేల మీద ఒక సాక్ష్యం ఉండాలి కాబట్టి మట్టి తీసిన రోజే, మూలరాయి దగ్గర నిలబడి నాలుగు దిక్కులా ఫొటోలు తీసి, మంట పెట్టిన తేదీ, మందలు తిరిగిన వారాలు, చివరి వాన పడ్డ రోజు పుస్తకంలో రాయండి. మొదటి ఫొటోలో మూలరాయి కూడా పడాలి, వచ్చే ఏడు వేరేవాళ్ళు వచ్చినా ఎక్కడ నిలబడాలో దాన్ని చూసే తెలుసుకుంటారు.